అప్‌డేట్: ఎం1 కార్బైన్ నమూనా ఎయిర్‌గన్ కొనలేదు

రెండో ప్రపంచ యుద్ధంనాటి అమెరికా సైన్యపు చిన్న రైఫిల్ ఎం1 కార్బైన్‌ను పోలిన గ్యాస్ ఎయిర్‌గన్ సరదా షూటింగ్‌కు కొనవచ్చా అని అడిగాను కదా, చివరికి కొనలేదు. అందరికీ కృతజ్ఞతలు. “ముందు ఒకసారి పేల్చి చూడండి” అన్న సలహాయే పనికొచ్చింది.

నెల్లూరులో మిత్రుడి దగ్గరున్న దానితో 10 మీటర్ల నుంచి కాగితంపై పేల్చాను. గుండ్లు అరచేయంత మేర చెదిరాయి. ఒకటి చెక్కకు తగిలి వెనక్కి వచ్చి నా చెప్పు మీద పడింది! కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి నవ్వుకున్నాం. షూటింగ్ కోచ్‌ను అడిగితే, గొట్టం లోపల గుండును తిప్పే మెలికల గాడులు లేవు, ఉక్కు గుండు గిరగిరా తిరగదు, అందుకే గురి నిలవదు అన్నారు.

దీనికి లైసెన్సు కావాలా అని మనం చేసిన వాదనంతా వృథా: ఎయిర్‌గన్ గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు దాటకపోతే అవసరం లేదు.

సీసపు పెల్లెట్లు పేల్చే మామూలు ఎయిర్ రైఫిల్ తీసుకుని ఒంగోలు వచ్చేశాను. చూపులకు మాత్రం దుడ్డుకర్రే.