అప్‌డేట్: పీహెచ్‌పీలో సీఎస్‌వీ కాలమ్స్ పక్కకు జరగడం, కారణం దొరికింది

నేను అడిగింది ఇదీ: సీఎస్‌వీ ఫైలు (కామాలతో ఫీల్డులు విడదీసే టెక్స్ట్ ఫైలు) పీహెచ్‌పీలో చదివితే అడ్రస్ ఉన్న వరుసల్లో కాలమ్స్ ఒకటి పక్కకు జరుగుతున్నాయి, ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. రెండూ సరయ్యాయి.

మొదటిదానికి కారణం ఎక్స్‌ప్లోడ్, అంటే లైనును కామాల దగ్గర ముక్కలు చేయడానికి నేను వాడిన పీహెచ్‌పీ ఫంక్షన్. "4-12, మెయిన్ రోడ్" అని కోట్స్‌లో పెట్టినా దానికి పట్టదు, కామా కనిపిస్తే కోసేస్తుంది. మీరు చెప్పినట్టే సీఎస్‌వీ చదివే ఫంక్షన్ ఎఫ్‌గెట్‌సీఎస్‌వీకి మార్చాను. అయినా ఒకచోట రెండు వరుసలు కలిసిపోయాయి. చూస్తే ఆ ఫీల్డు చివర బ్యాక్‌స్లాష్, వెంటనే మూసే కోట్. పీహెచ్‌పీకి డిఫాల్ట్ ఎస్కేప్ క్యారెక్టర్, అంటే తర్వాతి కోట్‌ను మూసే కోట్‌గా చూడొద్దని చెప్పే గుర్తు, బ్యాక్‌స్లాషే (ఈ డిఫాల్ట్ ఎవరికి పనికొస్తుందో!), అందుకే ఆ కోట్‌తో ఫీల్డు ముగిసిందనుకోదు. ఎస్కేప్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇస్తే సరి. పీహెచ్‌పీ 7.4 నుంచి ఇది కుదురుతుంది, 8.4లో ఏమీ ఇవ్వకపోతే డిప్రికేటెడ్ (ఇకపై వాడొద్దు) అని హెచ్చరిస్తుంది. సీఎస్‌వీ రాసే ఫంక్షన్ ఎఫ్‌పుట్‌సీఎస్‌వీకీ అదే ఇవ్వాలి.

ఎక్సెల్ కోసం హెడర్ వరుస కన్నా ముందు ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే 3 బైట్లు రాశాను, ఫైలు యూటీఎఫ్-8లో ఉందని ఎక్సెల్‌కు చెప్పే గుర్తు ఇది. తిరిగి చదివేటప్పుడు వాటిని తీసెయ్యాలి, లేకపోతే మొదటి హెడర్‌కు అంటుకుని 'పేరు' కాలమ్ లేదంటుంది.

ఖాళీ లైనుకు ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ నుంచి ఖాళీ అర్రే (జాబితా) రాదు, ఒక్క నల్ (విలువ లేదని చెప్పేది) ఉన్న అర్రే వస్తుంది. దాన్ని దాటెయ్యండి.