టేకు తలుపులకు రౌటర్ బిట్లు: ఎలాంటివి కొనాలి?

అందరికీ నమస్కారం. టేకు తలుపుల అంచులు గుండ్రంగా తీయడానికి ట్రిమ్మర్ (చెక్క అంచులు చెక్కే చిన్న రౌటర్ మిషన్) వాడుతున్నాను. దాని కాలెట్ (బిట్‌ను బిగించే భాగం) పావు అంగుళం, అంటే 6.35 ఎం.ఎం. చవక సెట్టులో వచ్చిన రౌండ్ ఓవర్ బిట్ అప్పుడే చెక్కను నల్లగా మాడ్చేస్తోంది, బేరింగ్ గరగరమంటోంది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి పదును పోవడం మామూలే, కానీ మరీ ఇంత త్వరగానా?

హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కాదు, అంతకన్నా గట్టిదైన కార్బైడ్ ముక్క అతికించినదే తీసుకోవాలని తెలుసు. కొట్లో చేత్తో పట్టుకుని చూసినప్పుడు మంచి కార్బైడ్‌ని ఎలా పోల్చుకోవాలి? ముక్క మందం చూడాలా, అతుకు నున్నగా ఉందో లేదో చూడాలా? ఇక్కడ ఎక్కువగా 6 ఎం.ఎం. షాంక్‌ (కాలెట్‌లో బిగించే బిట్ కాడ) ఉన్నవే దొరుకుతున్నాయి. వాటిని 6.35 కాలెట్‌లో బిగించే ధైర్యం నాకైతే లేదు.

పెద్ద సెట్టు వద్దు. స్ట్రెయిట్, ఫ్లష్ ట్రిమ్ (అంచును సమం చేసేది), రౌండ్ ఓవర్ చాలు. రోజూ వాడేవాళ్లు ఏ కంపెనీవి కొంటున్నారు? సాన పట్టిస్తే మళ్లీ పనికొస్తాయా?