జాస్: నవల మేలా, సినిమా మేలా?

కావలి నైట్‌షో:
నిన్న రాత్రి జాస్ సినిమా మళ్లీ చూశా, అదే, ఓ ఊరి బీచ్‌లో సొరచేప మనుషుల్ని చంపే కథ. 1975లో స్పీల్‌బర్గ్ తీసింది, అంతకు ముందటేడు వచ్చిన పీటర్ బెంచ్లీ నవల దానికి ఆధారం. చాలామంది సొర గురించే మాట్లాడతారు గానీ, నా లెక్కలో సినిమా నవలను మించిపోయింది మేయర్ వల్ల. నవలలో ఆయన బీచ్ మూయనివ్వడు, ఎందుకయ్యా అంటే వెనక మాఫియా అప్పులున్నాయి. సినిమాలో ఆ గొడవంతా పీకేశారు. జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం సెలవులకు జనం రాకపోతే ఊరి వ్యాపారం పోతుంది, అంతే ఆయన భయం. కార్తీక పౌర్ణమి నాడు కొత్తపట్నం బీచ్ మూసేద్దాం అనండి, ఏ నాయకుడు ఒప్పుకుంటాడో చూద్దాం. మాఫియా ఉంటే ‘వాడెవడో దుర్మార్గుడు’ అని మనం తప్పించుకుంటాం.

ఒంగోలు చదువరి:
అన్నా, మీరు మెచ్చుకుంటున్నదే నాకు లోటు. నవలలో పోలీసు చీఫ్ బ్రాడీ భార్యకీ, సొరల మీద చదువుకుని వచ్చిన హూపర్‌కీ మధ్య సంబంధం ఉంటుంది, కాబట్టి సొర వేటకు పడవెక్కాక బ్రాడీ హూపర్‌ని అసలు నమ్మడు, నీళ్లలో ఒక భయం, పక్కనే కూర్చున్నోడితో ఇంకో భయం. సినిమాలో అదే హూపర్ జోకులేసి, చివరికి బతికి ఈదుకుంటూ వస్తాడు. నవలలో చస్తాడు. ముగింపులోనూ అంతే, నవలలో సొర బ్రాడీ దాకా వచ్చి గాయాలతో తనంతట తనే చచ్చిపోతుంది, చదువుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. సినిమాలో దాని నోట్లో గాలి సిలిండర్ పెట్టి కాల్చి పేల్చారు. ఇది మన హీరోల ఫైటే కదా?

పెన్నా గట్టు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. స్పీల్‌బర్గ్ సొరను సరిగా చూపించకుండా దాచిపెట్టి భయపెట్టాడు, ఏం తెలివి అంటారే, అది తెలివి కాదు సామీ, గత్యంతరం లేక చేసిన పని. యంత్రం సొర ఉప్పునీళ్లలో దిగగానే మొరాయించింది. 55 రోజుల షూటింగ్ 159 రోజులయింది. ఆ సొర బొమ్మ సరిగ్గా పనిచేసుంటే మొదటి సీన్ నుంచే చూపించేవాడు, ఈ పాటికి ఆ సినిమాని ఎవరూ తలుచుకునే వాళ్లు కాదు.

కావలి నైట్‌షో:
బొమ్మ చెడిపోయిందని చేతులు ముడుచుకుని కూర్చోలేదు కదా. సొర బదులు, దానికి తాళ్లతో తగిలించిన పసుపు పీపాల్ని అది నీళ్లమీద లాక్కుపోవడం చూపించారు, అవి మునిగితే చాలు మనకు టెన్షన్. వెర్నా ఫీల్డ్స్ ఎడిటింగ్‌కీ, జాన్ విలియమ్స్ సంగీతానికీ ఆస్కార్లు ఊరికే ఇచ్చారా?

కొత్తపట్నం వల:
మీ భయం చూస్తే నవ్వొస్తోంది. మా ఇళ్లలో సొర అంటే పుట్టు, పొడిపొడిగా వండే కూర, బాలింతలకు పాలు పడతాయని పెడతారు. దానికి మనం భయపడాలా, అది మనకు భయపడాలా? ఆ బెంచ్లీ కూడా తర్వాత్తర్వాత బాధపడి, సొరల్ని కాపాడమని చెప్తూ తిరిగాడంట. మరి నవలైనా సినిమాయినా చేసిన పాపం ఒకటే. మీరు ఏది మేలు అని కొట్టుకోండి.

ఒంగోలు చదువరి:
బాగా చెప్పారు. అయినా మేయర్ విషయంలో నేను ఒప్పుకోను. కారణం చెప్పని మనిషి లోతైన మనిషి అయిపోడు.

కావలి నైట్‌షో:
కారణం ఎక్కడ దాచాడు తమ్ముడూ? బీచ్‌లో మళ్లీ మనిషి చచ్చాక ఆస్పత్రి సీన్ చూడు. మేయర్ చేతులు వణుకుతుంటాయి, నా పిల్లలూ ఆ నీళ్ల దగ్గరే ఉన్నారంటాడు. తన పిల్లల్ని కూడా అక్కడికే పంపాడంటే ఏమీ కాదని వాడు నిజంగానే నమ్మాడు. అప్పులోళ్లకు భయపడి బీచ్ తెరిచినవాడి నోట్లో ఆ మాట పెట్టు, అతుకుతుందేమో.