యాడ్‌వర్బ్స్ బిట్లు ఎప్పుడూ తప్పుతున్నా, మీరెలా నేర్చుకున్నారు?

డీఎస్సీ_ఆశ: అందరికీ నమస్తే. ఇంగ్లీషు గ్రామర్‌లో మిగతావి పర్లేదు గానీ యాడ్‌వర్బ్స్ (క్రియా విశేషణాలు) దగ్గరే మార్కులు పోతున్నాయి. మ్యానర్, ప్లేస్, టైమ్, ఫ్రీక్వెన్సీ, డిగ్రీ అని రకాలన్నీ బట్టీ పట్టేశా, అయినా నిన్న మాక్ టెస్టులో చివర 'లీ' ఉంది కదా అని 'ఫ్రెండ్లీ'కి టిక్ పెట్టా, తప్పు.

టీచరక్క_ఖమ్మం: తమ్ముడూ, స్లో, క్విక్ లాంటి అడ్జెక్టివ్‌కి 'లీ' తగిలితే యాడ్‌వర్బ్ అవుతది. ఫ్రెండ్, కవర్డ్ (పిరికివాడు) లాంటి నౌన్‌కి తగిలితే ఎక్కువగా అడ్జెక్టివే. రకాలు బట్టీ పట్టకు, వెర్బ్‌ని పట్టుకుని ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అని అడుగు, జవాబుగా వచ్చిందే రకం. డిగ్రీ ఒక్కటే 'ఎంత' అన్నదానికి, వెరీ, టూ, క్వైట్ లాంటివి.

గోదారి_గట్టు: నాకు మన 'గా' బాగా పనికొచ్చిందండి. నెమ్మదిగా, గట్టిగా, అన్నీ యాడ్‌వర్బ్సే కదా. కాకపోతే 'పాప అందంగా ఉంది' దగ్గర ఇదే ముంచేస్తుంది, 'గా' ఉంది కదా అని చాన్నాళ్లు 'షీ ఈజ్ బ్యూటిఫుల్లీ' అని రాసేవాణ్ణి. ఈజ్ పక్కన బ్యూటిఫుల్ చాలు. 'అందంగా పాడుతుంది' అన్నప్పుడే బ్యూటిఫుల్లీ.

నైట్_షిఫ్ట్: నా మొదటి ఇంటర్వ్యూలో కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి 'ఐ వర్క్ హార్డ్లీ' అన్నా. ఆ మేడం రాస్తున్న పెన్ను ఆపి 'యూ మీన్ హార్డ్?' అని అడిగారు, అప్పుడు కూడా నాకు వెలగలేదు. 'కష్టపడి' అనడానికి హార్డ్ అన్నదే యాడ్‌వర్బ్, హార్డ్లీ అంటే దాదాపు లేదని. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య. ఈ జంటలు మాత్రం విడిగా రాసుకో బ్రో.

టీచరక్క_ఖమ్మం: ఇంకోటి, వరుస. 'నిన్న స్కూల్లో బాగా పాడింది' అంటాం, ఇంగ్లీషులో సరిగ్గా తిరగేసి 'షీ శాంగ్ వెల్ ఎట్ స్కూల్ యెస్టర్‌డే'. నేను బోర్డు మీద రెండు వాక్యాలూ కిందా మీదా రాసి బాణాలు గీస్తా, బాణాలు అడ్డంగా దాటుకుంటుంటే పిల్లలకి టక్కున తెలిసిపోతది. ఆల్వేస్ లాంటివి మాత్రం మధ్యలోకొస్తయి: 'హీ ఆల్వేస్ కమ్స్ లేట్', 'హీ ఈజ్ ఆల్వేస్ లేట్'.

డీఎస్సీ_ఆశ: అక్కా, ఆ రెండిట్లో లేట్ ఒకటేనా?

టీచరక్క_ఖమ్మం: కాదు. మొదటిది ఎప్పుడు వస్తాడో చెప్తుంది కాబట్టి యాడ్‌వర్బ్, రెండోది అతన్ని గురించి కాబట్టి అడ్జెక్టివ్. మంచి డౌటే అడిగినవ్.

డీఎస్సీ_ఆశ: అయితే ఫాస్ట్ కూడా అంతేనా? 'ఫాస్ట్లీ' అని రాసేవాణ్ణి!

గోదారి_గట్టు: అంతేనండి. ఫాస్ట్లీ అన్న మాటే లేదు.