లినక్స్ డౌట్ అడిగితే తిడుతున్నారు.. అసలు ఎట్లా అడగాలి?

నయీంనగర్ జిరాక్స్:
అన్నలూ, హనుమకొండ నయీంనగర్‌లో మాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, షాపులో ఉన్న పాత లాప్‌టాప్‌కి 11 ఎక్కదు, కొత్తది కొనే ఆలోచన ఇప్పట్లో లేదు, సరే అని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించాను. స్పీడు బాగానే ఉంది కానీ వైఫై పేర్లే కనిపించట్లేదు. ఒక గ్రూపులో "వైఫై రావట్లేదు, అర్జెంట్, హెల్ప్ చేయండి" అని పెడితే ఒకాయన "గూగుల్ చేయడం రాదా" అన్నాడు, ఇంకొకాయన మింట్ తీసేసి వేరేది వేసుకోమన్నాడు, మరొకాయన ఒక కమాండ్ ఇచ్చాడు కానీ అది ఏం చేస్తుందో చెప్పలేదు, భయమేసి నేను కొట్టలేదు. ఆ తర్వాత ఏ డిస్ట్రో (మింట్ లాంటి లినక్స్ రకం) గొప్పదని వాళ్లలో వాళ్లకే లొల్లి. లినక్స్ మనలాంటోళ్లకు కాదా? లేక నేను అడిగిన పద్ధతే బాగాలేదా?

కాజీపేట నైట్‌షిఫ్ట్:
తమ్మీ, ఆ కమాండ్ కొట్టకపోవడం మంచి పని. సుడో (sudo) అని మొదలయ్యే కమాండ్‌కి సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉంటుంది, ఫైళ్లన్నీ తుడిచేసే కమాండ్‌ను కొత్తవాళ్లకు తమాషాకి ఇచ్చే మహానుభావులు కూడా ఉన్నారు. అర్థం చెప్పకుండా ఎవరైనా ఇస్తే "ఇది ఏం చేస్తుంది?" అని అడుగు, మొహమాటం వద్దు.

ఇక నీ పోస్టు. లాప్‌టాప్ మోడల్ లేదు, మింట్ వెర్షన్ లేదు, వైఫై చిప్ ఏదో లేదు. అవి లేకుండా ఎవరు చెప్పినా గుడ్డిగా చెప్పాల్సిందే. మెనూలో సిస్టమ్ రిపోర్ట్స్ అని ఉంటుంది, అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే కాపీ బటన్ ఉంటుంది, అది నొక్కి ఇక్కడ పేస్ట్ చెయ్యి. దయచేసి స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టకు, సగం అక్షరాలు కనపడవు, రేపు అదే సమస్య వచ్చినోడు వెతికితే దొరకదు కూడా. హెడ్డింగులో "హెల్ప్" బదులు "మింట్ 22, ఫలానా లాప్‌టాప్, వైఫై కనిపించట్లేదు" అని రాస్తే తెలిసినోడే తెరుస్తాడు.

కరీంనగర్ టక్స్:
నేను కొంచెం అటువైపు నుంచి మాట్లాడతా. అక్కడ జవాబులు చెప్పేవాళ్లకు ఎవరూ జీతం ఇవ్వట్లేదు, డ్యూటీ అయ్యాక కూర్చుంటారు. రోజూ అదే ప్రశ్న, పైగా "అర్జెంట్", ఆ తర్వాత ఇన్‌బాక్స్‌లోకి వచ్చి "అన్నా నంబర్ ఇవ్వు". విసుగొస్తుంది మరి. కానీ విసుగొస్తే జవాబు ఇవ్వకుండా పోవచ్చు కదా, తిట్టడం దేనికి? లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ అనే ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటోడే ఈమెయిళ్లలో తిట్టే అలవాటుకు 2018 సెప్టెంబర్‌లో క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కన కూర్చున్నాడు, కెర్నల్ వాళ్లు ప్రవర్తనా నియమావళి కూడా తెచ్చుకున్నది అప్పుడే. మన గ్రూపు అడ్మిన్లకు మాత్రం ఇంకా ఆ కబురు అందినట్టు లేదు.

ఒకేసారి పది గ్రూపుల్లో అడగకు తమ్ముడూ. అడిగితే ఆ సంగతి రాయి. ఒకచోట పరిష్కారమైన దాని మీద ఇంకోచోట జనం బుర్ర బద్దలు కొట్టుకుంటుంటారు.

నయీంనగర్ జిరాక్స్:
రిపోర్ట్ పేస్ట్ చేశాను, కింద చూడండి. నెట్‌వర్క్ దగ్గర చిప్ మోడల్ ఉంది కానీ డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) అన్నచోట ఏమీ లేదు. నెట్ లేకుండా డ్రైవర్ ఎట్లా దించాలి అన్నా?

కాజీపేట నైట్‌షిఫ్ట్:
ఇదీ ప్రశ్న అంటే. ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, నెట్ వచ్చేస్తుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరువు, నీ చిప్‌కి డ్రైవర్ ఉంటే అదే చూపిస్తుంది, ఎంచుకుని రీస్టార్ట్ చెయ్యి. కొన్ని చిప్ కంపెనీలు డ్రైవర్ సోర్స్ కోడ్ బయటపెట్టవు, అందుకే మొదటి నుంచే కెర్నల్‌తో రాదు. లినక్స్ రానితనం కాదు ఇది.

అసలు కష్టం కమాండ్లు కాదు, విండోస్ అలవాట్లు వదలడం. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని వెతుకుతాం, ఉండవు, అన్నీ ఒకే స్లాష్ (/) గుర్తు కింద ఫోల్డర్లుగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కావాలంటే బ్రౌజర్ తెరిచి ఎగ్జీ ఫైల్ కోసం తిరుగుతాం, ఇక్కడేమో ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో చూడాలి. ఇవి రెండూ ఒంటబడితే టెన్షన్ సగం పోతుంది.

జనగామ డీటీపీ:
ఆలస్యంగా వచ్చాను. వైఫై సంగతి వీళ్లు చూసుకుంటారు గానీ, తెలుగు టైపింగ్ పని వస్తుందా మీ షాపుకి? శుభలేఖలు, కరపత్రాలు అను ఫాంట్లలో అడుగుతారు కదా. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, వాటి కీబోర్డ్ మేనేజర్ విండోస్ కోసం చేసింది, లినక్స్‌లో నడుస్తుందని నమ్ముకోవద్దు. ఆ పని ఉంటే ఒక మెషిన్ విండోస్‌తోనే ఉంచండి, విండోస్ 11 కుదరకపోతే పాత 10నే నెట్‌కి కలపకుండా వాడండి. లినక్స్ గొప్పదని చెప్పి గిరాకీ పోగొట్టుకోమని నేను చెప్పను.

మామూలు దరఖాస్తులు, లెటర్లు అయితే బేఫికర్. లినక్స్‌లో వేరే భాషల టైపింగ్ చూసుకునే ప్రోగ్రామ్ ఐబస్. ఐబస్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్లన్నీ వస్తాయి, అను వాళ్లలో చాలామందికి యాపిల్ లేఅవుట్ అలవాటే. ఫాంటు కావాలంటే మన బమ్మెర పోతన పేరుతోనే పోతన 2000 ఉంది, ఉచితం. ఎంఎస్ ఆఫీస్ లాంటి లిబ్రే ఆఫీస్‌లో పెట్టి ఒక పేజీ ప్రింట్ తీసి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకున్నాకే కస్టమర్‌కి ఒప్పుకోండి.