యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంధనం ఆపే అమరిక: తిరిగి మొదలయ్యేటప్పుడు కుదుపు

ప్రశ్న:
నా పాత 1300 సీసీ పెట్రోల్ కారుకు వేరే ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) బిగించుకుని, ట్యూనింగ్ నేనే చేసుకుంటున్నాను. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి గేరులోనే ఉంచితే ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు ఆగిపోతున్నాయి. అంతవరకు బాగానే ఉంది. అయితే 1,200 ఆర్‌పీఎం దగ్గర ఇంధనం తిరిగి మొదలైన క్షణంలో, వెనుక నుంచి ఎవరో నెట్టినట్లు కారు కుదుపుతోంది. సరిగ్గా అప్పుడే క్లచ్ తొక్కితే ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతోంది. ఐడ్లింగ్ 850 దగ్గర నిలకడగానే ఉంటుంది. ఈ అమరికను తీసివేయడం తప్ప మార్గం లేదా?

మొదటి సమాధానం:
తీసివేయవద్దు. గేరులో దిగుతున్నప్పుడు ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి కనుక, అప్పుడు పోసే పెట్రోలు వృథాయే. ఇంజిన్ ఆగిపోవడానికి కారణం 1,200 అనే హద్దు ఐడ్లింగ్‌కు మరీ దగ్గరగా ఉండటమే. క్లచ్ తొక్కగానే, ఇంజిన్ మళ్లీ మండటం అందుకునేలోపే ఆర్‌పీఎం 850 కిందికి జారిపోతుంది. ఇంధనం తిరిగి మొదలయ్యే హద్దును 1,600కు, ఆగే హద్దును 1,900కు మార్చి చూడండి. రెండూ ఒకటే అయితే ఇంధనం ఆగుతూ వస్తూ కారు ఊగుతుంది. గేరు మార్చే ప్రతిసారీ ఇంధనం ఆగిపోకుండా అర సెకను ఆలస్యం కూడా పెట్టండి.

రెండవ సమాధానం:
కుదుపు సంగతి వేరు. ఇంజెక్టర్లు ఆగినప్పుడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్‌కు తగిలేది ఒట్టి గాలి. దానిని పలుచని (పెట్రోలు తక్కువైన) మిశ్రమంగా పొరబడి ఈసీయూ ఇంధన దిద్దుబాటు శాతాన్ని పెంచుకుంటూ పోతే, ఇంధనం తిరిగి వచ్చేసరికి మోతాదు మించిపోతుంది. ఈసీయూ నమోదు చేసే లాగ్‌లో ఆ శాతం ఎంత ఉందో చూడండి. ఆటోట్యూన్ (సెన్సార్‌ను చూసి ఇంధన పట్టికను తనే దిద్దే సదుపాయం) వాడుతూ ఉంటే ఆ క్షణాలను వడకట్టి తీరాలి, లేకపోతే ఆ పట్టికలో తక్కువ లోడ్ గడులన్నీ చెడిపోతాయి (నా పట్టికను నేను ఇలాగే ఒకసారి పాడు చేసుకున్నాను).

అడిగినవారు:
మీరు చెప్పినట్లే లాగ్‌లో 14 శాతం అదనం కనిపించింది. ఇంధనం ఆగినంతసేపూ, తిరిగి వచ్చాక మరో సెకనూ దిద్దుబాటును నిలిపివేశాను, హద్దులూ మార్చాను. ఇంజిన్ ఆగిపోవడం పోయింది. రెండో గేరులో మాత్రం చిన్న కుదుపు మిగిలింది.

రెండవ సమాధానం:
కింది గేర్లలో ఇంజిన్ టార్క్ చక్రాలకు హెచ్చుగా చేరుతుంది కనుక అది సహజం. ఇంధనం తిరిగి వచ్చే క్షణంలో ఇగ్నిషన్ అడ్వాన్స్‌ను (స్పార్క్ ఎంత ముందుగా పడాలో చెప్పే కోణాన్ని) 8 నుంచి 10 డిగ్రీలు తగ్గించి, అర సెకనులో క్రమంగా యథాస్థితికి తీసుకురండి. ఆ తరువాత కూడా తడబాటు ఉంటే, అది తడి ఆరిపోయిన పోర్టు (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) గోడలు మొదటి పెట్రోలును పీల్చుకోవడం వల్ల కావచ్చు. అప్పుడు తొలి కొన్ని స్ట్రోకులకు మాత్రమే మోతాదు కొద్దిగా పెంచండి.