అమ్మ గాజులు మందిరానికి ఇస్తానంటోంది, వద్దంటే నేను యూదానా?

పెరంబూర్ వాసి:
అందరికీ వందనాలు. మాది ఒంగోలు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన కుటుంబం. అమ్మ ఇన్నేళ్ళూ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి ఈమధ్యే రిటైరైంది. చేతికొచ్చిన డబ్బుతో రెండు గాజులు చేయించుకుంది, తన కష్టంతో కొనుక్కున్న మొదటి బంగారం అదే. ఇప్పుడు వాటిని మా చర్చి మందిరం పైకప్పు పనికి కృతజ్ఞత కానుకగా ఇస్తానంటోంది. ఎవరూ అడగలేదు, తనంతట తనే అనుకుంది. మన వీధిలోనే ఫీజు కట్టలేని పిల్లలున్నారు కదమ్మా, ఆ డబ్బేదో వాళ్ళకిద్దాం అన్నాను. పక్కనే ఉన్న మేనత్త "యూదా కూడా ఇదే మాట అన్నాడు" అనేసింది. యెరూషలేము దగ్గరి బేతనియలో విందులో మరియ యేసు పాదాలకు ఖరీదైన అత్తరు పూస్తే, దాన్ని అమ్మి పేదలకివ్వొచ్చు కదా అన్నాడు, తర్వాత ఆయన్నే పట్టించిన ఆ శిష్యుడు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. పేదలకివ్వమన్నవాళ్ళందరూ యూదాలేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సండే స్కూల్ టీచర్, బెంగళూరు:
బ్రదర్, మీ అత్తగారు తొందరపడ్డారు. మత్తయి సువార్తలో అత్తరు వృథా అని శిష్యులు కోపపడ్డారనీ, మార్కులో కొందరనీ ఉంటుంది. యూదా పేరు చెప్పింది యోహాను ఒక్కడే, కారణం కూడా ఆయనే చెప్పాడు. డబ్బు సంచి వాడి దగ్గరుండేది, వాడు అందులోంచి దొంగిలించేవాడు. అత్తరు అమ్మితే వచ్చే 300 దేనారాలు ముందు చేరేది ఆ సంచిలోకే. ద్రాక్షతోట ఉపమానం ప్రకారం దేనారం అంటే ఒక రోజు కూలి, విశ్రాంతి దినాలు తీసేస్తే 300 అంటే దాదాపు ఏడాది కూలి. జటామాంసి మన హిమాలయాల్లో పెరిగే మొక్క, అది బేతనియ దాకా చేరాలంటే ఎంత ఖరీదు పలకాలో ఆలోచించండి. అలాంటిది సేరున్నర తెచ్చి మరియ పాదాలకు పూసింది, ధర ఎంతన్నది ఆమె నోట ఎక్కడా రాదు, ఆ లెక్క చెప్పింది యూదా. మత్తయి ఈ విందు రాసిన వెంటనే వాడు ప్రధాన యాజకుల దగ్గరికెళ్ళి యేసును పట్టిస్తే నాకేమిస్తారని అడిగిన సంగతి రాశాడు. 30 వెండి నాణేలు! ఒక్కొక్కటి నాలుగు దేనారాలు వేసుకున్నా 120, అత్తరు ధరలో సగం కూడా లేదు. నిర్గమకాండం 21లో ఎద్దు పొడిచి చంపిన దాసుడికి కట్టే పరిహారం కూడా అంతే. అక్కడికొచ్చేసరికి నాకు ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది.

లెక్కలు చూసేవాణ్ణి:
పైన చెప్పింది నిజమే, కానీ ఈ వాక్యాన్ని అడ్డం పెట్టుకునేవాళ్ళ గురించి కూడా మాట్లాడాలి. నేను ఇంతకుముందు వెళ్ళిన ఒక సంఘంలో "మరియలాగా ఇవ్వండి" అంటూ ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదివేవారు, ఎవరైనా లెక్క అడిగితే యూదా ఆత్మ పట్టింది అనేవారు. సంచి తమ చేతిలో పెట్టుకుని, అడిగినవాడిని యూదా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మార్కు 12లో రెండు కాసులు వేసిన బీద విధవరాలి సంగతికి ముందేముందో చూడండి, విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించేవాళ్ళ) మీద ప్రభువు విరుచుకుపడ్డాడు. ఎలీషా ప్రవక్త వద్దన్న కానుక కోసం ఆయన సేవకుడు గేహజీ, అది ఇవ్వబోయిన నయమాను రథం వెనక పరిగెత్తాడు, వాడూ దైవజనుడి పక్కన తిరిగినవాడే. మరియను ఎవరూ అడగలేదు, మీ అమ్మగారినీ అడగలేదన్నారు, అది చాలా పెద్ద విషయం. మీ సంఘంలో పైకప్పు లెక్కలు అందరి ముందూ చదువుతారా? మీరు కనుక్కోవాల్సింది అదొక్కటే.

మల్లెతీగ:
తమ్ముడూ, అక్కలా చెప్తున్నా, ఏమనుకోకు. ఆ గాజులు ఎవరివి? పిల్లల ఫీజు మంచి ఆలోచనే, నీ జీతంలోంచి కట్టు, ఎవరొద్దన్నారు? అమ్మ సొమ్ముతో నువ్వు దానం చెయ్యడమేంటి? "బీదలు ఎప్పుడూ మీతో ఉంటారు" అన్న మాట పట్టుకుని చెయ్యి ముడుచుకునేవాళ్ళ గురించి నేను మాట్లాడట్లేదు, ద్వితీయోపదేశకాండం 15లో బీదలు ఉండక మానరన్న వెంటనే నీ చెయ్యి చాపు అనే ఉంది. అది అందరి మీదా ఉన్న బాధ్యత. ఇది వేరు. బలిపీఠం కట్టడానికి అరౌనా అనే ఆయన తన కళ్ళం ఊరికే ఇస్తానన్నా దావీదు రాజు ఒప్పుకోలేదు, 50 తులాల వెండి ఇచ్చి కొన్నాడు, వెల ఇవ్వనిది నా దేవుడికి అర్పించను అన్నాడు. మీ అమ్మ ఆ వెల ఎప్పుడో ఇచ్చేసింది, తెల్లారకముందే లేచి చెత్తబండి తోసినన్నాళ్ళూ. అసలు పైకప్పుకే ఎందుకు ఇవ్వాలనుకుందో అడిగావా?

పెరంబూర్ వాసి:
ఇప్పుడే అడిగానక్కా. డ్యూటీలో వాన పట్టుకుంటే చీపురుతో సహా మందిరం వరండాలోకి వెళ్ళి నిలబడేదట. రోడ్డు మీద మిగతా అరుగులన్నిట్లో "అవతలికి వెళ్ళు" అన్నారట, అక్కడ మాత్రం ఆ మాట ఎవరూ అనలేదట. ఇప్పుడు ఆ వరండానే కారుతోంది. నాకు ఇంక నోట మాట రాలేదు. ఫీజు సంగతి నేను చూస్తాను. లెక్కలు చూసే అన్నా, గాజులు గాజులుగానే ఇమ్మంటారా, అమ్మి డబ్బు కట్టమంటారా?

లెక్కలు చూసేవాణ్ణి:
అమ్మగారినే అడగండి. డబ్బుగా ఇస్తానంటే బిల్లు తీసుకుని ముందు కొన్న షాపులోనే అడిగి చూడండి, తరుగు ఎంత తీస్తారో తూకం దగ్గరే తేల్చుకోండి. రసీదు మీ పేరు మీద కాదు, అమ్మగారి పేరు మీదే రాయించండి. మైకులో చదవొద్దని ముందే చెప్పండి, ఆవిడకి ఇష్టం లేకపోతే.